తలా జరంత జాగ్రత్త

ఉద్యోగం వదిలేసిన మనిషికి లోకంలో రెండే పనులు మిగులుతాయి. ఒకటి మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకోవడం, రెండోది ఉద్యోగం గురించి చెప్పుకోవడం. నేను అందరికంటే ముందే విరమించుకున్న నడివయసువాణ్ణి కాబట్టి మోకాళ్లు ఇంకా నా మాట వింటున్నాయి. అందుచేత మీకు రెండోది వినక తప్పదు. ముఖ్యంగా మెడలో కార్డు వేలాడేసుకుని, ‘మానవ వనరుల అభివృద్ధి’ అనే మూడు గదుల పొడవున్న బోర్డు కింద ఈమధ్యే కుర్చీ వేసుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీ కోసమే.

నేను వికారాబాద్‌లో ఒక కందిపప్పు కంపెనీలో శిక్షణాధికారిగా పనిచేశాను. శాఖ అంటే మీరేదో ఊహించుకుంటారు. మా శాఖలో నేనూ ఒక సీలింగు ఫ్యానూ ఉండేవాళ్లం. ఫ్యాను నాకంటే సీనియరు. చప్పుడూ దానిదే ఎక్కువ, పనీ దానిదే ఎక్కువ.

కంపెనీ పని చెప్పడానికి తేలిక. మర్పల్లి వైపు నుంచీ దౌల్తాబాద్ వైపు నుంచీ వచ్చే కందులు వికారాబాద్ గోదాములో దిగుతాయి. అక్కడ ఆరబెట్టి లారీల్లో తాండూరు మిల్లుకు పంపిస్తారు. తాండూరులో వాటికి నూనె పట్టించి, నీళ్లు చల్లి, కుప్పేసి, సిమెంటు కల్లంలో మళ్లీ ఎండబోసి, మర పట్టి పప్పు చేస్తారు. ఇంతకు మించి చెబితే మీకంటే ముందు నాకే నిద్రొస్తుంది.

ఈ దారి పొడవునా ముగ్గురు పెద్దలు ఉండేవారు.

మొదటివాడు వికారాబాద్ గోదాము హమాలీల పెద్ద. అందరూ పెద్దన్న అనేవారు. మనిషి ఈతపుల్లంత. మీసం మాత్రం జంక్షన్‌లో ఒక ప్లాట్‌ఫారం మీద మొదలై ఇంకో ప్లాట్‌ఫారం మీద ముగిసేది. రెండో ఆమె తాండూరు కల్లంలో ఆడవాళ్ల జట్టుకు పెద్ద. గొర్రెలు కాసే ఇంటి బిడ్డ. ఆమె కల్లం నడిమధ్య నిలబడి ‘ఓయ్’ అంటే కర్ణాటక సరిహద్దుకు అవతల మేస్తున్న గొర్రెలు తలెత్తి చూసేవి. ఆమెను మేమంతా కల్లం అక్క అనేవాళ్లం. మూడోవాడు మిల్లు మిస్త్రీ. మరల చప్పుడులో బతికి బతికి మెల్లగా మాట్లాడటం మరిచిపోయాడు. చెవిలో రహస్యం చెప్పినా రైల్వే స్టేషనుకు వినిపించేది. కోపం వస్తే కన్నడంలోకి దిగేవాడు, చల్లారాకనే తెలుగులోకి ఎక్కేవాడు.

ఈ ముగ్గురూ ఏళ్ల తరబడి ఒకే కందిగింజ మీద పనిచేస్తూ ఒకరి పని ఒకరు చూడలేదు. తాండూరువాళ్లిద్దరూ పెద్దన్న ముఖం కూడా చూడలేదు. వికారాబాద్‌కూ తాండూరుకూ మధ్య దూరమెంతని! రైలెక్కి ఒక కునుకు తీస్తే వచ్చేస్తుంది. అయినా పెద్దన్నతో వాళ్ల పరిచయమంతా ఫోనులోనే, అదీ తిట్లలోనే.

అలా ఉండగా మా పప్పుకు నూక పట్టుకుంది. పట్నంలోని పెద్ద దుకాణాలవాళ్లు సంచులు విప్పి చూస్తే పప్పుబద్దల కంటే ముక్కలెక్కువ. ఒక లోడు వాపసు వచ్చింది, వెనకాలే ఇంకోటి. మా మేనేజరు సారు నన్ను పిలిచారు. ఆయనది మంచి భూములున్న వ్యవసాయ కుటుంబం. వ్యాపారంలోకి వచ్చినా కూర్చునే పద్ధతి మాత్రం గట్టు మీద కూర్చున్నట్టే ఉండేది.

“చూడు,” అన్నారు. “ఎండబోసుడు కల్లంల సక్కగైతలేదు. డ్రయ్యర్ మిషన్ మాట్లాడిన. మిషనోళ్లే మనుషుల గూడ తెచ్చుకుంటరట. ఎండకాలం అయిపోయేలోపల నూక తగ్గకపోతే కల్లం బందు.”

“మరి కల్లంలో ఆడవాళ్లు సార్?”

“నాకు మాత్రం ఇష్టమా? నువ్వు ట్రైనింగ్ సారువు గదా, ఏమన్న చెయ్యరాదు?”

అదుగో, అక్కడ నాలో పౌరుషం పుట్టింది. ఆ రోజు దాకా నా శిక్షణల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు ఒక జట్టు ఆడవాళ్ల బువ్వ నా తెలివి మీద ఆధారపడింది. ఆ తెలివి ఎంతో నాకు తెలుసు గనక మరింత పట్టుదల వచ్చింది.

హైదరాబాద్ నుంచి ఒక శిక్షకుణ్ణి పిలిపించి అనంతగిరి గుట్ట మీద ఒక హాలు మాట్లాడాను. మొదట గోదామువాళ్లు, తర్వాత కల్లంవాళ్లు, తర్వాత మిల్లువాళ్లు. ఎవరి తరగతి వాళ్లకే. శిక్షకుడు అందరికీ రంగురంగుల గాలిబుగ్గలు పంచి, ఊదమని, కిందపడకుండా గాల్లో నిలపమని చెప్పాడు. ఊది ఊది పెద్దన్న మీసం కొసలు వణికాయి. మిస్త్రీ ఊదిన బుగ్గ ఆయన గొంతంత అయి, పేలి, గుట్ట మీది కోతులను మూసీ పుట్టిన చోటు దాకా తరిమింది.

కల్లం అక్క మాత్రం బుగ్గను అటూ ఇటూ తిప్పి చూసింది.

“సారూ, గీ బుగ్గ కిందవడకుంటె నూకలు తగ్గుతయా?”

“ఇది కలిసి పనిచేయడం గురించమ్మా,” అన్నాడు శిక్షకుడు.

“కలిసేటోళ్లు యాడున్నరు? ఈడ మొత్తం మేమే ఉంటిమి.”

గదంతా నవ్వింది. శిక్షకుడూ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాటలో ఉన్న మందు నా నెత్తిమీద రాసి ఉన్నా నాకు కనిపించలేదు. చివర్లో ప్రతి తరగతీ చెయ్యెత్తి ఒకే ప్రమాణం చేసింది: మా వంతు జాగ్రత్త మేం పెంచుతాం. దానికి తోడు నేను వాట్సాప్‌లో అందరికీ ఒక సందేశం పంపాను. ‘ప్రతి ఒక్కరూ ఇంకొంచెం జాగ్రత్త పడాలి.’ దాని చివర చేతులు జోడించిన బొమ్మలు ఒక బస్సు నిండా పెట్టాను.

తర్వాతి లోడులో నూక రెట్టింపైంది.

మేనేజరు సారు టేబులు మీద పప్పు గుప్పెడు పోశారు. పప్పు కాదది, ఉప్మాకు పనికొచ్చే రవ్వ. “నీ ట్రైనింగ్ కంటే ముందుగాలే మంచిగుండె గదయ్యా,” అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. “మిషనోళ్లకు మాటియ్యాల్నా?”

బుగ్గ పట్టుకుని కల్లం అక్క అన్న ‘కలిసేటోళ్లు యాడున్నరు?’ అప్పుడు నా తలకెక్కింది. “రెండు లోడులు ఆగండి సార్. ఆ ముగ్గురినీ నాకివ్వండి. కందుల వెంట వాళ్లు ముగ్గురూ నడవాలి.”

“నడుచుకుంట తాండూరుకా?”

“లారీలోనే సార్.”

ఇప్పటిదాకా అందరికీ జాగ్రత్త నేర్పిన నేను, ఎవరు ఏం చేస్తున్నారో ఎవరినీ చూడనివ్వలేదు. ఈసారి చూపించడమే నా పని అని మొండికేశాను. వాళ్లకు ఒక్కటే నియమం పెట్టాను. ఎవరి పని వాళ్లు రోజూ చేసినట్టే చెయ్యాలి. చూసేవాళ్లు ‘ఇదెందుకు?’ అని మాత్రమే అడగాలి. ‘నీ వల్లే’ అన్నవాళ్లు అందరికీ చాయ్ తాగించాలి.

పొద్దున రైలుకు అక్కా మిస్త్రీ వికారాబాద్ వచ్చారు. గోదాము వాకిట్లో పెద్దన్నను చూసి అక్క ఆగిపోయింది.

“ఫోన్ల ఉరిమేటిది నువ్వేనా? పయిల్వాన్ అనుకుంటి. మీసం తప్ప మనిషే లేడు గదా!”

“నువ్వు మాత్రం? నీ ఒర్లుడు విని ఏడడుగులుంటవనుకున్న,” అన్నాడు పెద్దన్న.

“అంతా నీ వల్లనే!” అని మిస్త్రీ లోపలికి రాకముందే అరిచాడు. గోదాము ఎదురుగా ఉన్న హోటలువాడికి ఆ ఒక్క మిస్త్రీ మీదే ఆ పూట వ్యాపారం నడిచింది.

మా దగ్గర కంది ఎండిందో లేదో పంటితో చూస్తారు. గింజ కొరికితే పచ్చిది మెత్తగా అణుగుతుంది. సరిగ్గా ఎండింది ‘టక్’మని రెండు బద్దలవుతుంది. మరీ ఎండితే నోట్లో ఇసుకైపోతుంది. తేమ కొలిచే యంత్రం కూడా ఒకటి ఉండేది, కొన్న రోజు పూజ చేసి బీరువాలో పెట్టారు. దేవుణ్ణి ఎవరు వాడతారు!

పెద్దన్న ఒక గింజ కొరికాడు. టక్. వెంటనే మా ముగ్గురికీ తలా ఒకటి ఇచ్చాడు. టక్, టక్, టక్.

“అయితే ఎత్తుదామా?” అన్నాను.

“ఎహె, ఇంకొక పొద్దు ఎండనియ్యాలె.”

“గిదెందుకు?” అంది అక్క.

“మల్ల మీరు పచ్చిగున్నయని వాపస్ పంపుతరు గదా. ఒకపారి వానల తడిసిన లోడు పంపితె ఎన్ని తిట్లు తిట్టిండు మీ మిస్త్రీ! అప్పటి సంది జరంత ఎక్కువనే ఎండవెడ్త.”

“అది ఎప్పటి ముచ్చట! ఒక్కపారి గదా తిట్టింది!” అన్నాడు మిస్త్రీ.

“ఒక్కపారే, గని మా అమ్మను గూడ తిడితివి. అదీ కన్నడంల. మతలబు తెల్వక పక్క దుకాణమాయనను అడిగి సమజైనంక ఏడ్సిన.”

మిస్త్రీ జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు.

లోడు తాండూరు చేరింది. నూనె పట్టించారు, నీళ్లు చల్లారు, కుప్పేశారు, కల్లంలో పరిచారు. మే నెల ఎండ ఎలా ఉందంటే, కల్లం మీద కాకి నీడ పడి మాడిపోయి నల్లమచ్చ మిగిలింది. మధ్యాహ్నానికి అక్క ఒక గింజ కొరికింది. టక్. చీపురు అందుకుంటుందనుకున్నాను. కాలితో కందులు తిరగేసి, కొంగు నెత్తిమీద వేసుకుని నీడకు వచ్చి కూర్చుంది.

“గిదెందుకు?” అన్నాడు పెద్దన్న.

“పొద్దూకేదాక ఉండాలె. మీ గోదాము కందులు పచ్చిగొస్తయి, లోపల తడి ఉంటది. జరంత ఎక్కువుంటె ఫికరుండది.”

“పచ్చిగెట్లుంటయే తల్లీ! నీ కండ్ల ముందట్నే ఒక పొద్దు ఎక్కువ ఎండవెడ్తి గదా!”

“ఇప్పుడు చూసిన గని, గిన్నేండ్ల సంది నాకెట్ల ఎరుక? ఎవలన్న చెప్పిన్రా?”

ఆ కందులు మిల్లులోకి వెళ్లాయి. మిస్త్రీ రోలరు చక్రం పట్టుకుని ఒక చుట్టు బిగించాడు. పెద్దన్నా అక్కా ఒకేసారి అడిగారు.

“గిదెందుకు మిస్త్రీ?”

“పచ్చిగింజ పొట్టు వదలదు. జరంత బిగి...”

మాట సగంలో ఆగింది. మర ఆడుతూనే ఉంది. కింద గంపలోకి ఇసుకలాగా నూక రాలుతోంది. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. ఒకరు తిట్లు తప్పించుకోవడానికి ఎండబెట్టారు, ఒకరు ఆయన ఎండబెట్టలేదనుకుని ఎండబెట్టారు, ఇంకొకరు ఇద్దరూ ఎండబెట్టలేదనుకుని బిగించారు. ఇంతమంది జాగ్రత్తపరుల చేతిలో పడి కందిగింజ ఎముకలు లేకుండా పోయింది.

అక్క నా వైపు తిరిగింది. “ఇగ సారు పంపిన మెసేజొకటి. అందరూ ఇంకింత జాగ్రత్త పడుండ్రి అని. మేం మస్తు పడితిమి సారూ. పెద్దన్న రెండు పొద్దులు వెట్టిండు, నేను మాపటిదాక వెట్టిన, మిస్త్రీ మామ కాలు ఆనిచ్చి బిగించిండు.”

“దండాలు గూడ వెట్టిండు సారు, మస్తుగ,” అన్నాడు మిస్త్రీ, నా మొబైలు బొమ్మలను తలచుకుని.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వు ఆగేసరికి తాండూరులో ఆ రోజు బండలు కోసే మరలు కూడా ఆగాయని చెబితే మీరు నమ్మకపోవచ్చు. నేనే సగం నమ్ముతాను.

కానీ నవ్వితే కల్లం నిలబడదు. సమస్య తెలియడం ఒక ఎత్తు, చెయ్యి ఆపుకోవడం ఇంకో ఎత్తు. ‘జరంత’ తీసేయాలంటే ముందు పనిచేసినవాణ్ణి నమ్మాలి. నమ్మకానికి కొలత కావాలి. ముగ్గురి పళ్లూ మూడు రకాలు. పెద్దన్న పాన్ నమిలే పన్నుతో కొరుకుతాడు, మిస్త్రీ దవడ పన్నుతో, అక్క ముందు పన్నుతో. ఒకరి ‘టక్’ ఇంకొకరికి ‘మెత్త’. అందుకని కల్లం గట్టు మీద ముగ్గురినీ, వాళ్ల జట్లనూ కూర్చోబెట్టాను. మధ్యలో కందుల కుప్ప. ఎండ ముదిరేకొద్దీ తలా ఒక గింజ కొరకడం, చప్పుడు విని ముఖాలు చూసుకోవడం. “నాది ఇంక పచ్చి”, “నాది అయింది”, “నువ్వు ఆ పన్ను మార్చు ముందుగాల”. అంతమంది ఒకేసారి కొరుకుతుంటే రాళ్లవాన పడుతున్నట్టుండేది. ఆఖరికి అందరి నోళ్లలో ‘టక్’ ఒకేసారి వచ్చింది. నా నోట్లో మాత్రం రెండు చప్పుళ్లు వచ్చాయి. రెండోది నా దవడ పన్ను.

“సారు పన్ను గూడ బద్దలైంది, పొట్టు మాత్రం ఊడలే,” అంది అక్క.

బీరువాలోని యంత్రాన్ని బయటికి తీసి ఆ గింజల తేమ చూశాం. పళ్లూ యంత్రమూ ఒక్క మాట మీదే ఉన్నాయి. ఆ రోజు నుంచి యంత్రం దేవుడి ఉద్యోగం మానేసి మాతో పాటు పనిలోకి వచ్చింది.

ఇక మిగిలింది చివరి లోడు. అది మేనేజరు సారు ఇచ్చిన గడువు ఆఖరు. గోదాములో పెద్దన్న ‘టక్’మన్న పూటే ఎత్తించి, లారీ వెనకాల తానూ ఎక్కి వచ్చాడు. “నా కండ్లతోని చూడకుంటె నిద్రవట్టదు,” అన్నాడు. కల్లంలో కందులు పరిచారు. పడమర నుంచి మబ్బు ఒకటి తొంగిచూస్తోంది. మేనేజరు సారు తెల్లచొక్కాలో వచ్చి గట్టు మీద నిలబడ్డారు. ఆయన పక్కన మిషను కంపెనీ మనిషి చేతిలో రంగుల బొమ్మల పుస్తకంతో ఉన్నాడు.

పొద్దు నడినెత్తిన ఉండగా అక్క కొరికింది. పక్కామెకు ఇచ్చింది. ఆమె కొరికింది. పెద్దన్న కొరికాడు.

“లేపుండ్రే!” అంది అక్క.

ఆడవాళ్లు కదల్లేదు. కల్లం పుట్టినప్పటి నుంచి మిట్టమధ్యాహ్నం కందులు లేపి కుప్పచేసినవాళ్లు లేరు.

“అక్కా, మస్తు ఎండున్నది ఇంక,” అంది ఒకామె భయంగా.

“అవునమ్మా,” అన్నారు మేనేజరు సారు. “ఇంకొక గంట ఉంచరాదు? జరంత సేఫు.”

నేను నోరు తెరిచాను. అక్క నాకంటే ముందే సారు ఎదుటికి వెళ్లి నిలబడింది. ఈసారి అరవలేదు.

“సారూ, తప్పయితే పోయేది మా కూలి. మాకే ఎక్కువ భయముంటది. గా భయంతోనే గిన్నేండ్లు ఎక్కువెక్కువ ఎండవెట్టి ఖరాబ్ చేస్తిమి. ఇయ్యాల అట్ల చెయ్య. పచ్చివయితె రేపే మీ మిషన్ దించుండ్రి, నేనే కొబ్బరికాయ కొడ్త.” వెనక్కి తిరిగింది. అప్పుడు సరిహద్దు గొర్రెలన్నీ తలెత్తాయి. “ఓయ్! లేపుండ్రంటున్న గదా!”

చీపుళ్లు లేచాయి. కందులు కుప్పయ్యాయి. కుప్పలు మిల్లులోకి వెళ్లాయి.

మిస్త్రీ మర ఆడించాడు. ఆయన చెయ్యి దానంతటదే చక్రం మీదికి వెళ్లింది. ఏళ్ల అలవాటు, ఆయన్ను అడిగి వెళ్లలేదు. ఇప్పుడు నేను అరిస్తే ఆయన నా మాట కోసం ఆగుతాడు, రేపు నేనుండను. పళ్లు బిగబట్టాను, ఉన్నంతవరకు.

“గిదెందుకు మామా?” అన్నాడు పెద్దన్న, చాలా మెల్లగా.

మిస్త్రీ తన చేతిని ఎవరిదో అన్నట్టు చూశాడు. కన్నడంలో ఒక పెద్ద మాట అన్నాడు, ఈసారి ఆ చేతినే. తర్వాత చక్రాన్ని వెనక్కి ఒక చుట్టు తిప్పి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

గంపలోకి పప్పు రాలింది. బద్దకు బద్ద, పచ్చగా, నిండుగా. నూక అసలే లేదని నేను చెప్పను, ఎంత అతిశయోక్తికైనా ఒక హద్దుంటుంది. కానీ అక్క ఆ నూకను పిడికిట్లోకి తీసుకుంటే వేళ్ల మధ్య కనపడకుండా పోయింది. మేనేజరు సారు దోసిలితో పప్పు ఎత్తి వేళ్ల సందుల్లోంచి వదిలారు. మళ్లీ ఎత్తారు, మళ్లీ వదిలారు. మిషను మనిషి వైపు తిరిగి, “మీరు చాయ్ తాగి పోండ్రి,” అన్నారు. తర్వాత అక్కతో, “వానకాలానికి కల్లం మీద రేకులు ఏపిస్త. ఎంత జాగల కావాల్నో నువ్వే చూపియ్యి.”

“అప్పుడు గూడ జరంత ఎక్కువే ఏపిస్తరా సారూ?” అంది అక్క. ఆయన కూడా నవ్వారు, గట్టు మీద కూర్చున్నట్టే.

ఆ తర్వాత మా దగ్గర ఒక ఆనవాయితీ నిలిచింది. లోడు కదిలినప్పుడల్లా గోదాము మనిషి ఒకరు దాని వెంట తాండూరు వస్తారు. కల్లం మనిషి ఒకరు మిల్లులో నిలబడతారు, మిల్లు మనిషి వికారాబాద్ వెళ్తారు. పని మొదలయ్యే ముందు అందరూ గట్టు మీద కూర్చుని ఒక గింజ కొరుకుతారు. కొత్తవాళ్లు వస్తే పాఠం లేదు, బుగ్గలు లేవు. అందరి మధ్యలో కూర్చోబెట్టి కొరికిస్తారు. ‘గిదెందుకు?’ అని అడిగితే కోపం తెచ్చుకోకూడదన్నది మాత్రం ముందే చెబుతారు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు మీ సంస్థల్లో ఎవరికి వారికి విడివిడిగా మంచి పాఠాలు చెబుతుంటారు. చెప్పండి, తప్పులేదు. కానీ ఒక చెయ్యి చేసేది ఇంకో చేతికి కనపడకపోతే, ఒక్కొక్కరు నేర్చుకున్న మంచి అంతా కలిసి నూకవుతుంది. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. పన్ను ఇచ్చి కొనుక్కున్నది.

నేను ఉద్యోగం మానేశాక, మొన్న చలికాలంలో తాండూరు మిల్లుకు వెళ్లాను. పాత మిస్త్రీ ఇంటిపట్టున ఉన్నాడు. ఎక్కడో మంచి మిల్లులో చేసిన కొత్త మిస్త్రీ వచ్చాడు. నా కళ్లముందే అతని చెయ్యి చక్రం మీదికి వెళ్లింది. నేను గొంతు సవరించుకున్నాను. విరమించుకున్నవాడికి ఇంతకంటే పండగ ఏముంటుంది! నా దగ్గర గంటసేపటి ఉపన్యాసం సిద్ధంగా ఉంది.

“గిదెందుకన్నా?”

మూడు మూలల నుంచి ముగ్గురు అడిగారు. ఆ ముగ్గురిలో ఒక్కరి ముఖమూ నాకు తెలియదు. నేనెవరో వాళ్లకూ తెలియదు. కొత్త మిస్త్రీ ఆగి, ఎందుకో చెప్పబోయి, ఆలోచించి, చెయ్యి తీసేశాడు. “రా అన్నా, ఒక గింజ కొరుకుదువు,” అని వాళ్లలో ఒకామె అతన్ని కల్లం గట్టు మీదికి తీసుకుపోయింది. నా ఉపన్యాసం నా గొంతులోనే కూర్చుండిపోయింది.

నేనూ వెనకాలే వెళ్తే అక్కడ కల్లం అక్క కనిపించింది. జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు. నన్ను చూసి నవ్వి, పక్కన చోటిచ్చి, అందరితో పాటు నా చేతిలోనూ ఒక గింజ పెట్టింది. అందరం కొరికాం. చుట్టూ టక్, టక్, టక్. నా నోట్లోంచి మాత్రం ఏమీ రాలేదు. గింజ పన్ను లేని సందులోకి జారి హాయిగా పడుకుంది.

“నాకింకా పచ్చిగానే...” అన్నాను.

“సారూ,” అంది అక్క. “పన్ను లేనోళ్ల మాట కల్లంల చెల్లదు. జర లేవుండ్రి, మీ కాళ్ల కింది కందులు గూడ లేపాలె.”

లేచాను.